తాతయ్య చెప్పిన సత్యభామ, పట్టాయాలో మేము చూసిన అమ్మాయిలు

ఈ శీతాకాలంలో అమ్మను, తమ్ముడి కుటుంబాన్ని వెంటబెట్టుకుని వారం రోజుల పాటు థాయిలాండ్ వెళ్లి వచ్చాను. హైదరాబాదు నుంచి బ్యాంకాకుకు విమానంలో మూడున్నర గంటలు, అక్కడి నుంచి పట్టాయాకు రోడ్డు మీద మరో రెండు గంటలు. అరవై తొమ్మిదేళ్ల అమ్మకు అది మొదటి విదేశీ ప్రయాణమే కాని సముద్రం కొత్త కాదు. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి కనుక, కార్తీక మాసంలో సూర్యలంకలో చేసిన సముద్ర స్నానాలను తలుచుకుంటూ జోమ్‌టియెన్ తీరంలో ప్రతి ఉదయం మోకాళ్ల లోతు నీళ్లలో చాలాసేపు నిలబడేది. పడవలో కోహ్ లార్న్ దీవికి వెళ్లి వచ్చాం, గుడులు చూశాం, కొబ్బరిబోండాలు తాగాం. అందరూ చేసే పనులే గనుక వాటి గురించి ఇంకేమీ రాయను. మూడో రోజు సాయంత్రం చూసిన కేబరే ప్రదర్శన గురించి మాత్రం వివరంగా రాయాలని ఉంది.

కేబరే అనే మాట వినగానే మా తరం తెలుగువాళ్లకు గుర్తొచ్చేది పాత సినిమాల్లోని క్లబ్ పాట. విలన్ డెన్నులో రంగురంగుల దీపాల నడుమ జ్యోతిలక్ష్మి గాని జయమాలిని గాని తళుకుల దుస్తులతో అడుగుపెట్టగానే, మా ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నట్టుండి దాహం వేసేది, మంచినీళ్లు తెమ్మని పిల్లలను వంటింట్లోకి పంపేవారు. ఆ నర్తకీమణులు ఎంత గట్టి నృత్యకారిణులో పెద్దయ్యాక గాని నాకు తెలిసిరాలేదు. చిన్నప్పుడు మాత్రం కేబరే అంటే చూడకూడనిది అన్న ఒక్క అర్థమే మనసులో నాటుకుపోయింది. అందుకే తమ్ముడు ఆ ప్రస్తావన తేగానే నేను అమ్మ ముఖం వైపు చూశాను.

అమ్మ మాత్రం తొణకకుండా, "ఆడేది ఎవరురా?" అని అడిగింది.

తమ్ముడు కాస్త తటపటాయించి, "మగపిల్లలుగా పుట్టి, తరవాత ఆడవాళ్లుగా బతుకుతున్న వాళ్లమ్మా," అన్నాడు.

అమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే స్థానం వారి లాగానా? అయితే నేనూ వస్తాను. నాన్నగారు ఉంటే ఆయన కూడా వచ్చేవారు."

ఆ మాట వెనక మా ఇంటి కథ కొంత ఉంది. మా తాతయ్యకు, అంటే అమ్మ వాళ్ల నాన్నగారికి, నాటకాలంటే ప్రాణం. 1902లో బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో స్త్రీ పాత్రలు ధరిస్తూ ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన రోజుల్లో తాతయ్య కుర్రవాడు. సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా ఆయనను చూసిన ముచ్చట్లను తాతయ్య తన ఎనభయ్యో ఏట కూడా కళ్లింత చేసుకుని చెప్పేవారు. తులాభారం నాటకంలో సత్యభామ నడిచి వస్తుంటే, చీర కుచ్చిళ్లు ఎలా పట్టుకుంటుందో నేర్చుకోవడానికి ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు మెడలు సాచి చూసేవారట. 1956లో స్థానం వారికి పద్మశ్రీ వచ్చినప్పుడు ఆ గౌరవం తమ వీధికే దక్కినట్టు సంబరపడ్డామని కూడా తాతయ్య చెప్పేవారు. ఆ సంప్రదాయం ఒక్క నాటకాలకే పరిమితం కాదు. కూచిపూడిలో ఇరవయ్యో శతాబ్దం మధ్య దాకా ఆడ పాత్రలన్నీ మగవాళ్లే ధరించేవారు. 1970లో పద్మశ్రీ అందుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ వేషాన్ని మా అమ్మ స్వయంగా చూసింది. తెర వెనక నిలబడి, ముఖం చూపకుండా, ముందుగా తన జడను తెర మీద నుంచి ఇవతలికి వేసే ఘట్టం దగ్గర ఒళ్లు ఝల్లుమందని ఇప్పటికీ చెబుతుంది.

కాబట్టి పట్టాయా కేబరేకి మేము వెళ్లింది ఈ జ్ఞాపకాలతోనే. మగవాడు ఎంత నైపుణ్యంగా ఆడవేషం కడతాడో చూడాలన్నది మా ఉద్దేశం. ఆ ఉద్దేశమే పొరపాటని అక్కడ మెల్లమెల్లగా అర్థమైంది.

పట్టాయా ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల పల్లె. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైనికులు విశ్రాంతికి రావడం మొదలయ్యాక అది విహార నగరంగా మారిపోయింది. ఆ మారిన ఊరిలోనే 1974లో టిఫనీ షో, 1981లో అల్కజార్ అనే కేబరే శాలలు మొదలయ్యాయి. పారిస్ నగరంలో 1889లో తెరిచిన ములాన్ రూజ్ వంటి శాలల నుంచి మెట్లు, ఈకల కిరీటాలు, వరసగా అడుగులు కదిపే నర్తకుల బారు వంటివి తీసుకుని, వాటికి థాయ్ నృత్యపు చేతులను, ఆసియా దేశాల పాటలను జోడించి వీళ్లు తమదైన రూపం ఒకటి తయారు చేసుకున్నారు. టిఫనీ వేదిక మీదే 1998 నుంచి ట్రాన్స్ మహిళలకు దేశవ్యాప్త అందాల పోటీ, 2004 నుంచి అంతర్జాతీయ పోటీ కూడా మొదలయ్యాయి. అలా ఈ ఊరి కేబరే రాత్రి వినోదంగా మాత్రమే మిగలక, ఆ అమ్మాయిలు తల ఎత్తుకుని నిలబడే వేదిక కూడా అయింది.

ఆ రెండు పెద్ద శాలల్లో మాకు వీలైన వేళకు టికెట్లు దొరకలేదు. అదే పద్ధతిలో నడిచే మరో చిన్న శాలకు వెళ్లాం. మహా అయితే మూడు వందల మంది పడతారు. ఇప్పుడు ఆలోచిస్తే చిన్న శాల కావడమే మంచిదయింది, మూడో వరుస నుంచి మాకు కుట్టుపని కూడా కనిపించింది.

దీపాలు ఆరాక తెర ఒక్కసారిగా లేవలేదు. ముందు వేదిక వెనకనున్న మెట్ల పైభాగాన తెల్లటి ఈకల అంచు ఒకటి కనిపించింది, ఆ తరవాత కిరీటం, ఆ తరవాత ముఖం. అమ్మ నా మోచేయి పట్టుకుని, "చూశావా, జడ వేసినట్టే లేదూ!" అంది. నాకు ఆ పోలిక తట్టలేదు గాని, ఆమె అన్నాక మరోలా చూడలేకపోయాను. ముఖం చూపించే ముందు తన రాకను ప్రేక్షకుల చేత ఎదురుచూపించడం కూచిపూడి భామకూ తెలుసు, ఈ అమ్మాయికీ తెలుసు. ఆమె పదహారు మెట్లు దిగింది, లెక్కపెట్టాను. దాదాపు తన ఎత్తున్న ఈకల చట్రాన్ని వీపున మోస్తూ, జానెడు మడమల చెప్పులతో, కిందికి ఒక్కసారి కూడా చూడకుండా దిగింది. మెట్టు ఎక్కడుందో పాదంతో తడిమి, బరువు వేసి, అప్పుడు నవ్వుతోంది. ఆ తడమడం అరక్షణం కూడా ఉండదు. మూడో వరుసలో కూర్చోకపోతే అది నాకు కనిపించేదే కాదు.

తరవాత గంటంబావు సేపు ఒక అంశం వెనక ఒకటి వచ్చాయి. పాటలకు పెదవులు కదపడమే తప్ప ఎవరూ గొంతెత్తి పాడరు. పదకొండేళ్ల మా మేనల్లుడు రెండో పాటకే అది కనిపెట్టి, "అత్తా, వీళ్లు నిజంగా పాడటం లేదు కదా?" అని నా చెవిలో గుసగుసలాడాడు. నిజమే, కాని పెదవి కదిపే పని తేలిక కాదు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, గొంతు నరం ఎక్కడ బిగవాలో, చివరి స్వరం దగ్గర గడ్డం ఎంత లేవాలో అన్నీ తెలియాలి, లేకపోతే బొమ్మలాట అవుతుంది. చైనా పాటకు వచ్చిన ఒక అమ్మాయి ఊపిరి తీసే చోట భుజాలను ఎంత సహజంగా కదిపిందంటే, మా మేనల్లుడు ఆ పాటకు తన అనుమానాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఒక కొరియా పాట, థాయ్ రాజాస్థాన నృత్యం, ఘాగ్రాలతో ఒక హిందీ పాట కూడా వచ్చాయి. హిందీ పాటకు శాలలోని మనవాళ్లందరూ ఈలలు వేశారు కాని, ఆ అంశం మిగతా వాటంత శ్రద్ధగా చేసినట్టు నాకు అనిపించలేదు. చేతి ముద్రలు అరకొరగా ఉన్నాయి. థాయ్ నృత్యంలో మాత్రం ఒక్కో వేలు వెనక్కి వంగే తీరులో ఏళ్ల సాధన కనిపించింది. లావుపాటి నర్తకి ఒకరిని పెట్టి నవ్వించిన హాస్య అంశం నాకు నచ్చలేదు. ఆమె సమయస్ఫూర్తి గొప్పదే, కాని ఆమె శరీరాన్ని చూసి నవ్వమని ప్రేక్షకులకు చెప్పినట్టు ఉంది. అంతటి నటికి అంతకంటే మంచి అంశం ఇచ్చి ఉండాల్సింది.

రెండు అంశాలు మాత్రం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఒకదానిలో కళాకారిణి కుడి సగం కోటు, ప్యాంటు, పొట్టి జుట్టుతోను, ఎడమ సగం ఎర్రటి గౌను, పొడవాటి జుట్టుతోను వచ్చింది. కుడివైపు తిరిగితే పురుషుడు, ఎడమవైపు తిరిగితే స్త్రీ. ఇద్దరూ ఒకరినొకరు పలకరించుకుని, అలిగి, చివరికి తమను తామే కౌగిలించుకుంటారు. ఈ అంశం మొదలవగానే శాలలో నవ్వులు లేచాయి. అమ్మ నవ్వలేదు. చేతులు జోడించలేదు గాని, దాదాపు అంత పని చేసింది. "అర్ధనారీశ్వరుడే," అని మెల్లగా అని ఊరుకుంది. ఆడుతున్న ఆమెకు ఆ పేరు తెలుసో లేదో గాని, తన సగాన్ని తనే కౌగిలించుకున్నప్పుడు ఎడమ చేయి కుడి వీపును నిమిరిన తీరులో ఎగతాళి లవలేశం కూడా లేదు.

రెండోది చివరలో వచ్చింది. వేదిక మీద ఒక అద్దం, ఒక స్టూలు, ఒక దీపం. కాస్త వయసు మళ్లిన కళాకారిణి పాటకు పెదవులు కదుపుతూ ఒక్కొక్కటిగా తీసివేయడం మొదలుపెట్టింది: ముందు చెవి లోలకులు, తరవాత చేతి తొడుగులు, అంటించుకున్న కనురెప్పల వెంట్రుకలు, చివరగా విగ్గు. లోపల పల్చబడిన పొట్టి జుట్టు, దాన్ని అణచిపెట్టిన వలటోపీ. తడిగుడ్డతో బుగ్గల రంగు తుడుచుకుని లేచి నిలబడింది. ఆ క్షణం దాకా, ఇప్పుడు లోపలి మగవాడు బయటికి వస్తాడని ఎదురుచూశానని ఒప్పుకోవాలి. స్థానం వారి గురించి తాతయ్య చెప్పిన కథలన్నీ అలాగే ముగిసేవి మరి. నాటకం అయిపోయాక రంగు కడుక్కుని, ధోవతి కట్టుకుని, నరసింహారావు గారు బయటికి వస్తే జనం చూసి ఆశ్చర్యపోయేవారు. ఇక్కడ రంగు కడుక్కున్నాక కూడా అద్దం ముందు నిలబడింది ఒక స్త్రీయే. అలసిపోయిన, నడివయసు స్త్రీ. ఆమె తీసివేసింది ఈకలను, మెరుపులను మాత్రమే. మన వేషధారులకు వేదిక మీద ఉన్నంత సేపే ఆడతనం. వీళ్లకు వేదిక దిగాక కూడా ఉండేది అదే. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు గంటకు పైగా పట్టింది.

ప్రదర్శన ముగిశాక అమ్మాయిలంతా అవే దుస్తులతో బయటి ఆవరణలో వరుసగా నిలబడతారు. ఒక్కొక్కరితో ఫొటోకి వంద భాట్లు ఇవ్వాలి. ఆ డబ్బు వాళ్లకు ముఖ్యం కనుక, వెళ్లేవాళ్లు చిల్లర నోట్లు దగ్గర పెట్టుకుని వెళ్లడం మంచిది. మెట్లు దిగిన ఆ అమ్మాయి దగ్గర మా ముందు ఏడెనిమిది మంది మగవాళ్ల బృందం ఒకటి నిలబడి ఉంది. ఎక్కడివారో చెప్పను, మన భాష మాట్లాడేవారే. వాళ్లు ఆమె ముఖంలోకి చూసి నవ్వుతూనే తెలుగులో అన్న మాటలను ఇక్కడ రాయలేను. అర్థమయ్యేవాళ్లు చుట్టుపక్కల లేరన్న ధీమాతో అన్న మాటలవి. ఒకతను ఇంగ్లిషులోకి దిగి, ఏ పరాయి స్త్రీనీ అడగకూడని ప్రశ్న ఆమె శరీరం గురించి అడిగాడు. ఆమె నవ్వు చెదరలేదు. థాయ్ ఆడవాళ్లు మర్యాదకు వాక్యం చివర చేర్చే "ఖా" అనే పలుకు ఒక్కటే బదులిచ్చింది. మగవాళ్లయితే అదే చోట వేరే పలుకు వాడతారు. ఆ ఒక్క అక్షరంలో తాను ఎవరో ఆమె చెప్పేసిందని నాకు తరవాత తోచింది.

నాకు కోపంతో నోరు పెగల్లేదు. అమ్మే ముందుకు జరిగి తెలుగులో, "బాబూ, అమ్మాయి అంత బరువు మోస్తూ నిలబడి ఉంది. ఫొటో తీసుకుంటే తీసుకోండి, లేకపోతే జరగండి," అంది. గొంతు పెంచలేదు. వాళ్లు మమ్మల్ని చూసి, ముఖాలు ముడుచుకుని, ఫొటో తీసుకోకుండానే వెళ్లిపోయారు.

తరవాత అమ్మ ఆమె దగ్గరకు వెళ్లి, వేలితో కిరీటం వైపు చూపిస్తూ, "ఎంత బరువమ్మా ఇది?" అని అడిగింది. భాష తెలియకపోయినా ప్రశ్న తెలిసినట్టుంది, ఆమె మోకాళ్లు వంచి తలను అమ్మ చేతికి అందేలా దించింది. అమ్మ రెండు చేతులతో ఆ కిరీటాన్ని కాస్త పైకెత్తి చూసింది. నుదుటి మీద పట్టీ ఒత్తుకున్న చోట ఎర్రటి గాడి పడి ఉంది, దాని చుట్టూ చెమటకు పౌడరు ముద్దలుగా చేరింది. అద్దాల రాళ్లు కొన్ని ఊడిపోయిన చోట బంక మరకలు, ఒక పక్క వేరే రంగు దారంతో వేసిన కుట్లు. మడమ దగ్గర చెప్పు పట్టీ కింద ప్లాస్టరు. అమ్మ తన కొంగు చివరతో ఆ నుదుటి చెమట అద్దింది. ఆమె కళ్లు మూసుకుని ఊరుకుంది. మా మరదలు తీసిన ఫొటో ఆ క్షణానిదే. వంద భాట్లు ఇవ్వబోతే తీసుకోలేదు. తమ్ముడు బలవంతం చేసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి హోటలు గదిలో నిద్ర పట్టక థాయిలాండ్ చట్టాల గురించి చదువుతూ కూర్చున్నాను. బయటినుంచి చూసేవాళ్లకు అది ట్రాన్స్ మహిళల స్వర్గం లాగా కనిపిస్తుంది. అంగళ్లలో, క్షౌరశాలల్లో, హోటలు కౌంటర్ల దగ్గర మామూలుగా ఉద్యోగాలు చేసుకుంటూ మాకూ చాలామంది కనిపించారు. అయితే అందాల పోటీలో కిరీటం పెట్టుకున్న అమ్మాయి గుర్తింపు కార్డు మీద కూడా పేరు ముందు "నాయ్" అనే, అంటే మగవాళ్లకు వాడే గౌరవపదమే ఉంటుంది. లింగ మార్పిడి శస్త్రచికిత్సలకు ప్రపంచంలో పేరుపడిన దేశంలో, ఆ మార్పును కాగితం మీద ఒప్పుకునే చట్టం ఇంకా రాలేదు. ఇరవై ఒకటో ఏట మగపిల్లలు హాజరు కావలసిన సైనిక ఎంపికకు, ఏటా ఏప్రిల్‌లో, వీళ్లూ వెళ్లి వరుసలో కూర్చోవాలి. ఒకప్పుడు వీళ్లను సైన్యం నుంచి మినహాయిస్తూ ఇచ్చే పత్రం మీద శాశ్వత మానసిక రుగ్మత అని రాసేవారట. ఆ పత్రం చూపిస్తే ఉద్యోగం ఎవరిస్తారు? దాని మీద ఒకరు కోర్టుకు వెళ్లి పోరాడితే 2011లో ఆ మాట తొలగించాలని తీర్పు వచ్చింది. 2025 జనవరిలో అక్కడ స్వలింగ వివాహాలకు చట్టబద్ధత వచ్చింది, ఆగ్నేయాసియాలో అదే మొదటి దేశం. పెళ్లి చేసుకునే హక్కు వచ్చింది గాని, పెళ్లి పత్రంలో తన పేరు ముందు తనకు తగిన గౌరవపదం రాసుకునే హక్కు వాళ్లకు ఇంకా రాలేదు.

మన సంగతి చూస్తే, 2014లో సుప్రీంకోర్టు తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉందని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు నాటికి కాగితం మీద మనమే కొంత ముందున్నాం. కాని విజయవాడ రైల్లో చప్పట్లు వినిపించగానే నిద్ర నటించిన రోజులు నాకు చాలా ఉన్నాయి. టికెట్టు కొని, మూడో వరుసలో కూర్చుని, ఒక మనిషి ఈకల కిరీటం పెట్టుకుని వస్తే చప్పట్లు కొట్టాను. అదే మనిషి మామూలు చీరలో నా బెర్తు దగ్గరకు వస్తే కళ్లు మూసుకున్నాను. స్థానం వారి చీరకట్టు చూసి నేర్చుకున్న ముత్తవ్వల మునిమనుమరాలిని నేను. వేషాన్ని అంతగా నెత్తిన పెట్టుకున్న మన ఊళ్లలో, వేషం కాక అదే తమ బతుకైన వాళ్లకు గది అద్దెకిచ్చే ఇల్లు దొరకడం ఎంత కష్టమో మనందరికీ తెలుసు. 2024 చివర్లో హైదరాబాదు కూడళ్లలో ట్రాఫిక్ విధులకు ట్రాన్స్‌జెండర్లను తీసుకున్నారు. ఆ దారిలో వెళ్లినప్పుడు ఇప్పుడు నేను అద్దం దించి పలకరిస్తున్నాను. ఇంతకుముందు పలకరించలేదు.

తమ పిల్లలతో వెళ్లవచ్చా అని ఇద్దరు ముగ్గురు స్నేహితులు అడిగారు. మేము చూసిన దానిలో అసభ్యమైనది ఏదీ లేదు, మన సినిమా పాటల్లో పిల్లలు రోజూ చూస్తున్న దానికంటే మర్యాదగానే ఉంది. అయితే పట్టాయాలో ఆ పేరుతో వేరే రకం ప్రదర్శనలు కూడా నడుస్తాయి కనుక, ముందే విచారించుకుని పేరున్న శాలకు వెళ్లడం మంచిది. పిల్లలకు వెళ్లే ముందే విషయం ఉన్నదున్నట్టు చెప్పండి. మా మేనల్లుడికి మా మరదలు నాలుగు ముక్కల్లో చెప్పింది, వాడు "సరే" అని పాప్‌కార్న్ అడిగాడు.

తెనాలి చేరాక అమ్మ ఆ ఫొటోను ప్రింటు వేయించి, ముందు గదిలో తాతయ్య పటం కింది అలమరలో పెట్టింది. పోయిన వారం పక్కింటి పిన్నిగారు వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎవరొదినా ఈ అమ్మాయి, ఇంత కిరీటం పెట్టుకుంది?" అని అడిగారు.

"పట్టాయాలో ఆడుతుంది," అంది అమ్మ. "మెట్లు దిగడం చూడాలి నువ్వు. ఒక్కసారి కూడా కిందికి చూడదు."